పెద్ద పెట్ట పడకేసింది

నవంబరు నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ డింప్నా తలకి కుడివైపు మాత్రమే జుట్టు కత్తిరించుకుని ఇంటికి వచ్చింది. ఎడమవైపు జుట్టు ఎప్పటిలాగే భుజం దాకా ఉంది, కాకపోతే తడిగా ఉంది. మెడ చుట్టూ గులాబీ రంగు తువ్వాలు. చేతిసంచి బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, గోడకేసి చూస్తూ "వాన తగ్గింది" అంది.

తగ్గిందన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఏ ప్రశ్న ఎప్పుడు అడగకూడదో ఆ మాత్రం నేర్చుకున్నాను.

"కుడివైపు అయింది," అంది కాసేపటికి తనే. "ఎడమవైపుకి తిరిగింది. కిటికీలోంచి వాగు కనపడింది. నీళ్ళు రంగు తిరిగాయట. 'ఎక్కుతున్నాయి!' అని ఒక్క కేక. కత్తెర నా ఒళ్ళో పడేసి పోయింది."

"మళ్ళీ రాలేదా?"

"ఎంతసేపని కూర్చోను మాలకీ? ఎదురుగా అద్దం. అద్దంలో నేను." తువ్వాలు మెడలోంచి లాగి బల్లమీద పడేసింది. "సోమవారం స్టేషను పెట్టుకుని నాకీ ఖర్మేమిటి!"

ఎక్కుతున్నవి ట్రౌట్ చేపలు. కత్తెర పడేసి పోయినావిడ అట్రాక్టా ఫీలీ. డెరవీన్ సరస్సు చుట్టుపక్కల ఆడవాళ్ళందరి జుట్టూ ఆమె చేతిలోనే ఉంది. ఇంకో చోట కత్తిరించుకోవాలంటే బస్సెక్కి పట్నం పోవాలి. ఆ సంగతి అట్రాక్టాకి బాగా తెలుసు.

స్టేషను సంగతి కూడా చెప్పాలి. ఫాదర్ మన ఇంటికే వచ్చి, వంటింటి బల్లమీద పూజ చేసి, ఆ పేట జనం అందరితో కలిసి ఫలహారం చేసి వెళ్ళడమే స్టేషను. వంతు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఒకసారి గడప దాటిపోయిందంటే మళ్ళీ మన గడపకి వచ్చేసరికి పిల్లలు మీసాలు పెంచుతారు. అందుకని వంతు వచ్చిన ఇంటికి పిచ్చెక్కుతుంది. ఆ ఏడు వేసవి నుంచీ మా ఇంట్లో రంగు వాసన తప్ప ఇంకో వాసన లేదు. గోడలకి కొత్త కాగితం, కొట్టం తలుపుకి ఎర్ర రంగు, దొడ్డి గోడకి సున్నం అయ్యాక డింప్నా కుంచె పట్టుకుని కోళ్ళగూడు వైపు నడిచింది.

"ఫాదర్ కోళ్ళగూట్లోకి ఎందుకు పోతాడు డింప్నా?" అన్నాను.

"ఫాదర్ పోడు. గిల్‌మార్టిన్ పెళ్ళాం పోతుంది," అంది.

నిజమే, పోతుంది. ఎవరింటికెళ్ళినా మూలమూలా చూడందే ఆవిడకి తోచదు. నేనే వేశాను సున్నం.

ఇంత ముస్తాబు చేసిన మా ఇంటికి రావాలంటే ఊరివైపు నుంచి ఒకటే బండిదారి. అది అట్రాక్టా ఇంటి ముందు నుంచి వచ్చి, వాగులోకి దిగి, గులకరాళ్ళ మీదుగా దాటి, మా గట్టెక్కుతుంది. ఆ రేవులో నీళ్ళు చీలమండ లోతు, మహా అయితే పిక్కలోతు. పక్కన మనుషులు నడవడానికి రెండు పలకల చెక్క వంతెన. కొండ వెనకగా ఇంకో దారి కూడా ఉంది, మేకలకి.

ఈ అట్రాక్టా మా గట్టున పుట్టి అవతలి గట్టుకి కాపురానికి పోయింది. మధ్యలో వాగు లేకపోతే తనని చేసుకునేది కాదని వాళ్ళాయన ప్యాకీ అంటాడు. ప్యాకీ బస్సు నడుపుతాడు, ఇంటికొచ్చాక నోరు నడపడు. బళ్ళో మేమంతా ఆమెని ట్రాక్టర్ అని పిలిచేవాళ్ళం. పేరు కుదిరిందని పిలిచాం గానీ, ఒకసారి కదిలితే దారిలో ఏముందో చూసుకోని ఆ తత్వం ముందే తెలిసినట్టయింది. వాళ్ళ నాన్న సరస్సు మీద, గాలానికి ఈకలతో చేసిన ఈగ కట్టి విసిరే దొరలకి పడవ వేసేవాడు. ఆయనకి నడుం పట్టేస్తే అట్రాక్టా తెడ్లు పట్టేది. నరికిన ఆల్డర్ చెట్టు కొమ్మంత లేని పిల్ల, పెద్ద పెద్ద న్యాయవాదుల్ని పడవలో కూర్చోబెట్టి "ఆ ఈగ ఎలా విసిరారో చూశారా? మీరు చేపైతే తింటారా దాన్ని?" అని నిలదీసేది. తన పెళ్ళి జనవరిలో పెట్టించుకుంది. ట్రౌట్ చేపకి మనతో ఏ పనీ లేని నెల అదొక్కటేనని ఆమె లెక్క.

ఇంటి ముందు గదిలో రెండు కుర్చీలు, ఒక తొట్టి, ఒక అద్దం పెట్టి జుట్టుపని మొదలుపెట్టింది. అద్దం పైన గాజుపెట్టెలో గడ్డి కూరిన పెద్ద ట్రౌటు, నోరు తెరుచుకుని. ఆ కుర్చీలో కూర్చున్న ఏ ఆడదైనా అద్దంలో తన మొహం, దాని పైన చేప మొహం చూసుకోవాలి. రెంటినీ పోల్చుకోకుండా ఉండటం కష్టం.

చూడండి, చేపల పిచ్చి మా ఊరికి కొత్త కాదు. మేలో ఈగ లేచిందంటే మేమూ మనుషులం కాదు. సరస్సు అడుగు బురదలోంచి పురుగు పైకొచ్చి, నీటి మీద రెక్కలు విప్పి, పచ్చగా గాలికి కొట్టుకుపోతుంటే దానికోసం ట్రౌట్ పైకి లేస్తుంది. ఆ రెండు వారాలూ ఊళ్ళో పళ్ళ డాక్టరు ఉండడు, వడ్రంగి ఉండడు, సగం తవ్విన సమాధి సగమే ఉంటుంది. తలుపు మీద "ఈగ లేచింది" అని అట్టముక్క తగిలించి పోతారు. ఎవరూ తప్పు పట్టరు. మా అందరికీ ట్రౌట్ మే నెల జబ్బు. జూన్‌లో నయమవుతుంది.

అట్రాక్టాకి అది పన్నెండు నెలల జబ్బు. అక్కడే వచ్చింది చిక్కంతా.

తల ఆమె చేతుల్లో ఉండగా కదల్లేరు గనక ఆడవాళ్ళందరూ ఆమె చేపల పురాణం వినక తప్పదు. చిటికెనవేలంత చేపపిల్ల కూడా వాగులో ఒక రాయి వెనక చోటు పట్టుకుని ఆ రాయి దగ్గరికి తోబుట్టువునైనా రానివ్వదట. పక్కల మీద ఎవరో వేళ్ళతో పట్టుకున్నట్టు మచ్చలుంటాయట. ఒకటి రెండేళ్ళు వాగులో పెరిగి సరస్సుకి దిగుతుందట. కొన్ని దిగనే దిగవు, జానెడుండి వాగులోనే ముసలివైపోతాయి. దిగినవాటిలో నత్తలు తినేదానికి ఒక ఒళ్ళు, రొయ్యపురుగులు తినేదానికి ఒక ఒళ్ళు, తోటి చేపల్ని మింగడం మరిగినదానికి ఇంకో ఒళ్ళు. "నువ్వు తినేదే నీ ఒంటి మీద కనపడుతుంది మరి," అని అప్పుడే కేకుముక్క నోట్లో పెట్టుకున్న గిల్‌మార్టిన్ పెళ్ళాంతో అంది ఒకసారి. ఎండకి నీళ్ళు వేడెక్కితే తిండి మానేస్తుందట, అందుకని వాగు మీద నీడ ఉండాలట. నేను మా గట్టున రెండు ఆల్డర్ చెట్లు పొయ్యిలోకి కొట్టుకుంటే ఆ ఏడు పొడుగునా డింప్నా జుట్టు ఒక పక్క పొట్టిగా వచ్చేది.

సరే, ఆ శుక్రవారం సాయంత్రం తువ్వాలు తిరిగిచ్చే వంకతో వాగు దగ్గరికి వెళ్ళాను. రేవుకి అటూ ఇటూ తాడు కట్టి ఉంది. తాడు నిండా గులాబీ తువ్వాళ్ళు. చెక్క వంతెన మీద అట్రాక్టా బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తోంది.

"మాలకీ, అక్కడే ఆగు. బూట్లు విప్పు."

"నవంబరులోనా?"

"నేల అదురుతుంది. విప్పు."

విప్పాను. ఎందుకు విప్పానో ఇప్పటికీ చెప్పలేను. మేజోళ్ళతో తడిగడ్డి మీద నడిచి వెళ్ళి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదట ఏమీ కనపడలేదు. తరవాత రేవు మధ్యలో, సరిగ్గా మా కారు చక్రం పోయే చాలులో, ఒక పెద్ద గోధుమరంగు నీడ కదిలింది. దాని వెనక ఇంకో రెండు మూడు.

"పెట్ట," అంది అట్రాక్టా. ఆడచేపని మా వాళ్ళు పెట్ట అంటారు, మగదాన్ని పుంజు అంటారు. "బరువు నాలుగు పౌండ్లకి తగ్గదు. గుడ్లు పెట్టడానికి పడక చూసుకుంటోంది."

"ఇక్కడెందుకు చూసుకుంటోంది? ఎప్పుడూ వాగు పైకి పోతాయిగా!"

"పైన ఏముంది పోవడానికి? మొన్న వేసవిలో ఎవరో వచ్చి నీళ్ళు తిన్నగా పారాలని యంత్రంతో వాగంతా గీకి పోలేదూ? రాయన్నది లేదు. అంతా బురద. గుడ్డుకి గాలాడాలి మాలకీ. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పారుతుంటేనే అది బతుకుతుంది. బురదలో పెడితే ఊపిరాడక చస్తుంది. వాగు మొత్తానికి రాళ్ళు మిగిలింది నీ రేవులోనే."

"ఇంకో వాగుకి పోవచ్చుగా?"

ఆమె మొదటిసారి నావైపు చూసింది. "నువ్వు రాత్రి తాగొచ్చి ఇంకొకళ్ళింటికి పోతావా? పుట్టిన వాగుకే వస్తాయి. వేరేది వద్దు వాటికి. ఈ ఏడు ఇక్కడ పెట్టనివ్వకపోతే మన వాగు చేపలు ఇక లేవు. మేలో పడవెక్కి ఈగలు విసురుకుంటావేమో, అడుగున ఏమీ ఉండదు."

"అట్రాక్టా, సోమవారం మా ఇంట్లో స్టేషను. ఇరవై కార్లు రావాలి ఈ రేవులోంచి."

"నడవమను."

అంతే. ఇంక నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న డింప్నా తలకి రుమాలు కట్టుకుని, నా చేత వంటింటి కుర్చీ మోయించుకుని వాగుకి బయల్దేరింది. జుట్టు మిగతా సగం కావాలి, దారి మొత్తం కావాలి. అట్రాక్టా ఇంట్లోకి రానంది. పెట్టని వదిలి రాదట. అందుకని కుర్చీ గట్టుమీద వేసి, మా ఆవిడని వాగువైపు తిప్పి కూర్చోబెట్టి, తను వెనక నిలబడింది, కత్తెర జుట్టుమీద, కన్ను నీళ్ళమీద.

"నేను జుట్టుకి రాలేదు," అంది డింప్నా గొంతు బాగా తగ్గించి.

"గుసగుసలెందుకు? వాటికి మాటలు వినపడవు. ఎంతైనా అరుచుకో. కాలు మాత్రం నేలకి కొట్టకు."

మా ఆవిడకి కోపమొస్తే ముందు లేచేది కాలే. దాన్ని ఆపుకోవడానికి కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుంది.

"యేసు మరియ జోజప్ప! వేసవి నుంచీ వెల్ల వేస్తున్నాను అట్రాక్టా! గోడలకి, గుమ్మాలకి, కోళ్ళకి! ఆ చేప ఒక్కరోజు ఆగలేదా?"

"నీ పెద్దాడు పుట్టేటప్పుడు నువ్వాగావా? వాగు దాటుతుండగా ప్యాకీ బస్సులోనేగా! తల వంచు."

"ముసలాళ్ళున్నారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళున్నారు. బురదలో నడిచొచ్చి నా కొత్త తివాచీ తొక్కమంటావా? గిల్‌మార్టిన్ వాళ్ళ స్టేషనుకి ఎర్రరాళ్ళ దారి ఉంది, వెండి చెంచాలున్నాయి. నా స్టేషనుకి ఏముంది? తువ్వాళ్ళు!"

"శుభ్రమైనవే, ఉతికినవి."

"నేను తాడు తెంచితే ఏం చేస్తావు?"

కత్తెర ఆగింది. "ఏం చెయ్యను డింప్నా. తెంచుకో. కానీ ఈ రేవులో చక్రం దించిన ఇంటి ఆడవాళ్ళకి క్రిస్మస్‌కి నా కుర్చీ లేదు. ఆ మాట ఊరంతా చెప్పాను."

అప్పుడు డింప్నా నావైపు చూసిన చూపు నాకు తెలుసు. మనిషి మీద కాదు, మొత్తం సృష్టి మీద వేసే చూపు. మగాళ్ళెవరైనా తెగించి కారు దించుదామన్నా, క్రిస్మస్ పూజకి తలదువ్వని పెళ్ళాంతో గుళ్ళోకి ఎవడు పోతాడు?

కత్తెర మళ్ళీ ఆడింది. ఎడమవైపు కూడా కుడివైపంత పొట్టిగా వచ్చింది. చాలా బాగా వచ్చింది. అది మరీ ఒళ్ళు మండించింది మా ఆవిడకి. తిట్టడానికి ఒక కారణం తగ్గిపోయింది.

"సోమవారం పొద్దుటికి పెట్టడం అయిపోతుందా?" అంది చివరికి.

"చలి ఇలాగే ఉంటే అయిపోతుంది."

"ఒట్టు?"

"చేప తరపున నేనెలా ఒట్టు వేస్తాను? కానీ అయిపోతుంది."

ఇంటికొస్తూనే డింప్నా ఫోనెత్తి ఫాదర్ ఇంటికి చేసింది. మా కొత్త ఫాదర్ కిర్వన్ డబ్లిన్ మనిషి, వచ్చి మూడు నెలలైంది. ఇంకా ఎవరి ఇల్లు ఎక్కడో ఆయనకి సరిగ్గా తెలియదు. ఫోను తీసింది ఆయన వంటమనిషి. ఆవిడకి చెవుడు. అది ఆవిడ తప్ప అందరికీ తెలుసు.

"ఫాదర్‌తో చెప్పండి!" అని అరిచింది డింప్నా. "ఫీలీ వాళ్ళ రేవులో పెద్ద పెట్ట పడకేసింది! సోమవారానికి అయిపోతుందట! ఈలోపల అటు కారు వేసుకుని రావద్దని!"

"అయ్యో పాపం. చెప్తానమ్మా," అంది వంటమనిషి.

నేను మళ్ళీ కుర్చీ తెచ్చుకుందామని వాగుకి వెళ్ళాను. వంతెన దగ్గరికి చేరేసరికి అవతలి దారిలో ఫాదర్ కారు వచ్చి తువ్వాళ్ళ ముందు ఆగింది. ఆయన చేతిలో చిన్న నల్ల సంచితో దిగారు. మెడలో ఊదారంగు వస్త్రం ఉంది. ప్రాణం పోయేవాళ్ళకి నూనె రాసి చేసే అవస్థ అభ్యంగనానికి తెచ్చే సంచి అది. మా ఊళ్ళో పసిపిల్లలైనా గుర్తుపడతారు. నేను గుర్తుపట్టాను. ఏదో చెబుదామని నోరు తెరిచాను కూడా. కానీ అట్రాక్టా ముందే ఆయన్ని అందుకుంది.

"నాకు కబురొచ్చింది," అన్నారు ఫాదర్ మెల్లిగా. "పడకేసిందటగా, చూడ్డానికి వచ్చాను."

అట్రాక్టా మొహం వెలిగిపోయింది. ఆమె చేపని చూడ్డానికి తనంతట తాను ఎవరూ రాలేదు ఇంతవరకూ. "రండి ఫాదర్, రండి. అడుగు మెల్లిగా వేయండి. అదిరితే బెదురుతుంది."

"అలాగేనమ్మా. ఎలా ఉంది?"

"బలంగానే ఉంది. పొద్దున్నుంచి మరీ ఊపుగా ఉంది."

ఫాదర్ తల పంకించారు. "చివర్లో ఒక్కోసారి అలాగే ఉంటుంది. ఎప్పుడు పడకేసింది?"

"నిన్న సాయంత్రం, వరద తియ్యగానే."

"బాధేమైనా..."

"ఉండదా మరి? రాళ్ళకేసి కొట్టుకుని కొట్టుకుని తోక చెక్కుకుపోయింది పాపం."

ఫాదర్ నావైపు చూశారు. నేను నా బూట్లవైపు చూశాను.

"దగ్గర ఎవరైనా ఉన్నారా?" అన్నారాయన.

"మగాళ్ళు ముగ్గురున్నారు ఫాదర్. పెద్దాడు మిగతా ఇద్దర్నీ కొరికి తరుముతున్నాడు."

"కొరికి?"

"ఈ నెలలో వాళ్ళ బుద్ధే అంత. దవడ వంకరపోతుంది. తిండి కూడా మానేస్తారు. పక్కన ఇంకొకడు కనపడితే చాలు, మీదపడ్డమే."

ఫాదర్ సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. డబ్లిన్‌లో ఆయనకి ఇలాంటి కుటుంబం తగిలి ఉండదు. "తెలివిలో ఉందా? పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేయగలదా?"

అట్రాక్టా ఆయన్ని పైనించి కిందిదాకా చూసింది. "ఫాదర్, తమకి ఒంట్లో బాగానే ఉందా?"

సరిగ్గా అప్పుడే ఇంటి వెనకనుంచి అట్రాక్టా అత్తగారు హనోరా కోళ్ళ దాణా బకెట్టుతో వచ్చింది. తొంభైకి దగ్గరగా ఉంటుంది, మా అందరినీ పాతేసేలా ఉంటుంది. సంచి చూసింది, మెడలో వస్త్రం చూసింది.

"ఎవరికి ఫాదర్ నూనె?"

"మీకేననుకుంటానమ్మా. పెద్దావిడ పడకేసిందని కబురొచ్చింది," అన్నారు ఫాదర్ చాలా చిన్న గొంతుతో.

"నాకంత తొందరేం లేదు గానీ, ఈ బకెట్టు కాస్త పట్టుకోండి."

ఆయన పట్టుకున్నారు. ఒక చేతిలో పరిశుద్ధ తైలం, ఇంకో చేతిలో కోళ్ళ దాణా. చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి కారెక్కి పోయేవారే. కానీ అట్రాక్టా హఠాత్తుగా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి గుంజింది. "పెడుతోంది! కూర్చోండి!"

ముగ్గురం వంతెన పలకల మీద మోకాళ్ళూనాం. పెట్ట ఒక పక్కకి ఒరిగింది. తోకతో టపటపా కొట్టింది, రాళ్ళు లేచాయి, మట్టి పొగలాగా కిందికి కొట్టుకుపోయింది, అడుగున కడిగిన గుంట మిగిలింది. దాంట్లోకి దిగి పొట్ట ఆనించింది. పెద్ద పుంజు వచ్చి పక్కన ఒరుసుకుని ఆగింది. రెండూ నోళ్ళు బార్లా తెరిచి వణికిపోయాయి. పాలు ఒలికినట్టు నీళ్ళు ఒక్కసారి తెల్లబడి, తేటపడ్డాయి. మరుక్షణం పుంజు ఎవరినో తరమడానికి పోయింది. పెట్ట మాత్రం ఆగకుండా కాస్త ఎగువకి జరిగి, మళ్ళీ పక్కకి ఒరిగి తోకతో కొట్టసాగింది. ఆ లేచిన రాళ్ళు వచ్చి గుడ్ల మీద కప్పుకుంటున్నాయి.

"కప్పేస్తోంది," అన్నారు ఫాదర్.

"కప్పేసి పోతుంది. మళ్ళీ చూడదు," అంది అట్రాక్టా. "మళ్ళీ సరస్సుకే. బతికితే పైయేడు వస్తుంది."

ఆయన చాలాసేపు కదల్లేదు. వచ్చిన మూడు నెలల్లో ఆయన మా ఊళ్ళో ఎవరిదగ్గరా ఇంతసేపు కూర్చోలేదు. తరవాత బకెట్టు హనోరాకి ఇచ్చి, మోకాళ్ళు దులుపుకుని, "సోమవారం నేను నడిచే వస్తాను" అన్నారు.

ఇంటికెళ్ళి నేనీ మాట చెప్పాను. డింప్నా కొత్త తివాచీ చుట్టేసి పాత గోనెలు పరిచింది.

ఆదివారం పీఠం దగ్గర నుంచి ఫాదర్ ప్రకటించారు. రేపు మాలకీ కీనీ గారి ఇంటి స్టేషనుకి వచ్చేవాళ్ళందరూ రేవుకి ఇవతలే బళ్ళు ఆపి, చెక్క వంతెన మీదుగా, మెల్లిగా నడిచి రావలసిందని. "మెల్లిగా" అని రెండుసార్లు చెప్పారు. గుడిలో తలలన్నీ మా బెంచీ వైపు తిరిగాయి. డింప్నా కొత్తగా కత్తిరించిన తల నిటారుగా పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. గిల్‌మార్టిన్ పెళ్ళాం వెనకనుంచి, "జుట్టు బావుంది డింప్నా, కార్లే లేవు గానీ" అంది.

సోమవారం తెల్లవారేసరికి మా ఇల్లు అద్దంలా ఉంది. బల్లమీద పీఠపు గుడ్డ, రెండు కొవ్వొత్తులు, పక్క గదిలో ఫాదర్ ఫలహారానికి పెళ్ళినాటి పింగాణీ, పొయ్యి మీద పంది మాంసం, గుడ్లు వేయించడానికి సిద్ధంగా. నన్ను గుమ్మంలో నిలబెట్టింది డింప్నా. నిలబడ్డాను. అవతలి గట్టున ఒక్కో కారూ వచ్చి ఆగుతోంది, తలుపులు వేసిన చప్పుడు వినపడుతోంది. మనుషులు మాత్రం రావడం లేదు.

"ఏరీ?" అంది లోపలినుంచి.

"వంతెన మీదున్నారు."

"ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నారు."

పెట్ట ఇంకా పోలేదు. చివరి పడక వేస్తోంది. వంతెన మీద ఒకరి వెనక ఒకరు, మంచి కోట్లలో, మంచి టోపీల్లో, బూట్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. బూట్లు విప్పించింది ఎవరో చెప్పనక్కర్లేదు. మధ్యలో ఫాదర్, పూజ వస్త్రాలున్న పెట్టె చంకన పెట్టుకుని, పక్కనున్న సమాధులు తవ్వేవాడికి ఏది పెట్టో ఏది పుంజో వేలితో చూపిస్తున్నారు. ప్రతి మేలోనూ ఆ చేపల్ని పట్టి తిన్న మా గాలం వీరులంతా అదేదో మొదటిసారి చూస్తున్నట్టు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. నిజానికి మొదటిసారే. ఎవడు నవంబరులో వాగు చూశాడు?

"గుడ్లు గట్టిపడిపోయాయి!" అని వంటింట్లోంచి కేక. "రెండో కొవ్వొత్తి కూడా సగమైంది! మాలకీ, పిలువు వాళ్ళని!"

పిలిచాను. అట్రాక్టా వాగు అవతలనుంచి "ష్!" అంది. చేపలకి మాటలు వినపడవని చెప్పింది ఆవిడే.

చివరికి వచ్చారు. మేజోళ్ళు తడిసి, ముక్కులు ఎర్రబడి వచ్చారు. పూజ ఆలస్యంగా మొదలైంది. ఫాదర్ ప్రసంగంలో దేవుడికన్నా పెట్ట ఎక్కువసార్లు వచ్చింది. గోడ కాగితం ఎవరూ చూడలేదు. కొట్టం తలుపు ఎవరూ చూడలేదు. కోళ్ళగూట్లోకి పోవలసిన గిల్‌మార్టిన్ పెళ్ళాం కూడా నిప్పు దగ్గర కూర్చుని పాదాలు కాచుకుంటూ, "ఆ పెద్ద పుంజు ఎంత దుర్మార్గుడమ్మా!" అని అందరికీ చెబుతోంది. మాంసం మొత్తం తిన్నారు. గట్టిపడిన గుడ్లు కూడా తిన్నారు. ఇంత ఆకలితో, ఇంత గోలగా, ఇంతసేపు కూర్చున్న స్టేషను మా పేటలో నేను చూడలేదు. డింప్నాకి మాత్రం అది ఓదార్పు కాలేదు.

అందరూ వెళ్ళాక అట్రాక్టా మిగిలింది, నాలుగో కప్పు టీతో. పెట్ట సరస్సుకి దిగిపోయిందని ప్యాకీ వచ్చి చెప్పి పోయాడు. ఆ రోజు అతను మాట్లాడిన మాట అదొక్కటే. డింప్నా ఎంగిలి పళ్ళేలు దొంతి పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమె ఎదురుగా నిలబడింది. ఇంట్లో చేపలు లేవు గనక ఈసారి కాలు నేలకి గట్టిగానే కొట్టింది.

"సోమవారానికి అయిపోతుందన్నావు. అయిపోయింది. నా పూజ ఆలస్యమైంది, నా గుడ్లు గట్టిపడ్డాయి, నా గోడలు చూసినవాడు లేడు, నేను నోరెత్తలేదు. గురువారం మా బొగ్గు లారీ వస్తుంది. ఆ తరవాత పశువుల దాణా. ఆ తువ్వాళ్ళు విప్పి మా దారి మాకు ఎప్పుడిస్తావు చెప్పు?"

అట్రాక్టా కప్పు అడుగున మిగిలింది తాగి, మూతి తుడుచుకుంది.

"పెట్టడమే అయిపోయింది డింప్నా, ఆ గుడ్లు పిల్లలవడానికి మార్చి నెలాఖరు దాకా పడుతుంది."